పాత లేతు, కొత్త చక్కు: మర కుదిరేదెలా?

యంత్రశాలలో దీర్ఘాయువు గలది లేతు మిషను. దానిని కొన్న యజమాని గతించవచ్చు, దానిపై పని నేర్చిన టర్నరు వృద్ధుడై విరమించవచ్చు. పోత ఇనుప బెడ్డు మాత్రం మరో తరానికి ఊడిగం చేస్తూనే ఉంటుంది. ముందుగా అరిగేవి దాని ఉపకరణాలు. చక్కు దవడలు వదులవుతాయి, ఫేస్ ప్లేటు పగులుతుంది, కొత్తది తేవలసి వస్తుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. పాత లేతు ఒక దేశపు కొలతలతో పుట్టినది. కొత్త ఉపకరణం మరొక దేశపు కొలతలతో వచ్చినది. ఆ రెండింటినీ కలపవలసినవి స్పిండిలు కొనమీద ఉన్న పిడికెడు మర చుట్లు.

ఈ భేదానికి చరిత్ర ఉన్నది. పందొమ్మిదవ శతాబ్ది తొలి దశకాల్లో ఇంగ్లండులో ఏ కార్ఖానా మర ఆ కార్ఖానాదే. ఒకచోట చేసిన నట్టు మరొకచోటి బోల్టుకు ఎక్కేది కాదు. జోసెఫ్ విట్‌వర్త్ అనేక కార్ఖానాల బోల్టులను సేకరించి, వాటి సగటును ఆధారంగా తీసుకొని 1841లో ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించాడు. అందులో మర పక్కల మధ్య కోణం 55 డిగ్రీలు. శిఖరమూ, లోయా రెండూ గుండ్రనివి. 1864లో ఫిలడెల్ఫియాకు చెందిన విలియం సెల్లర్స్ అమెరికా కోసం 60 డిగ్రీల కోణాన్నీ, చదునైన శిఖరాన్నీ సూచించాడు. గుండ్రని కొనకన్న చదునైన కొనను తయారుచేయడం సులువని ఆయన వాదం. ఐరోపా ఖండంలోని మెట్రిక్ మర కూడా 60 డిగ్రీలనే స్వీకరించినది. అయితే చుట్టుకూ చుట్టుకూ నడుమ దూరాన్ని మిల్లీమీటర్లలో లెక్కించినది.

ఈ అనైక్యతకు రెండవ ప్రపంచ యుద్ధంలో మూల్యం చెల్లించవలసి వచ్చింది. బ్రిటిష్ వారి మెర్లిన్ విమాన ఇంజనును అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ తయారుచేసినప్పుడు, బ్రిటిష్ మరలు కోసే టాపులనూ, డైలనూ ప్రత్యేకంగా సమకూర్చుకోవలసి వచ్చింది. ఆ అనుభవం వృథా కాలేదు. 1948 నవంబరులో బ్రిటన్, అమెరికా, కెనడా దేశాలు 60 డిగ్రీల ఏకీకృత మరకు అంగీకరించాయి. మన దేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతల మార్గం పట్టినది. కాని చట్టాలు మారినంత మాత్రాన పాత లేతుల స్పిండిళ్లు మారవు కదా!

ఇక అసలు ప్రమాదమేమిటో చూద్దాం. అరంగుళం విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 12 చుట్లు. అమెరికన్ ముతక మరకు 13. ఒక్కో చుట్టుకు తేడా మిల్లీమీటరులో ఆరవ వంతు మాత్రమే. అందుకే నట్టు ఒకటి రెండు చుట్లు సునాయాసంగా ఎక్కి, ఆపై బిగుసుకుంటుంది. తుప్పు కాబోలని పానాతో బలవంతం చేస్తే రెండూ చెడతాయి. మరోవైపు ముప్పావు అంగుళం బోల్టుకు ఆ రెండు పద్ధతుల్లోనూ 10 చుట్లే. అది చివరిదాకా ఎక్కవచ్చు కూడా. కోణాలు వేరు కనుక పక్కలు పూర్తిగా ఆనవు. పైన పటారం, లోన లొటారం. బోల్టు చెడితే మరొకటి కొనవచ్చు. స్పిండిలు కొన చెడితే లేతుకే ప్రాణగండం. ఆ లేతు మీద బ్రతికే కుటుంబానికి ఉపాధి గండం.

కనుక కొనడానికి ముందే కొలవాలి. మొదట చుట్ల మధ్య పేరుకున్న ఇనుప రజనునూ, ఎండిన గ్రీజునూ శుభ్రం చేయండి. వెలుపలి వ్యాసాన్ని మైక్రోమీటరుతో చూడండి. అరిగిన మర అసలు కొలతకన్న కొంచెం తక్కువే చూపుతుందని మరవకండి. తరువాత పిచ్ గేజిని చుట్లలో ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టండి. చుట్ల లెక్క కుదిరినా కోణం కుదరకపోతే పక్కల వెంట సన్నని వెలుగు గీత కనిపిస్తుంది. ఇంగ్లండులో తయారైన మైఫర్డ్ ఎం.ఎల్.7 లేతు స్పిండిలు వ్యాసం అంగుళం పైన ఎనిమిదో వంతు, చుట్లు 12. అమెరికన్ సౌత్ బెండ్ తొమ్మిదంగుళాల లేతుకు వ్యాసం ఒకటిన్నర అంగుళం, చుట్లు 8. పేరును బట్టి ఊహించక, ప్రతి యంత్రాన్నీ కొలిచి చూడడమే క్షేమం.

మర ఒక్కటే చాలదు. చక్కును బిగించేది మర. దానిని నడిమికి నిలిపేది మర వెనుకనున్న నున్నని గుండ్రటి భాగమూ, దాని అంచూ. అక్కడ రవ్వంత చెత్త ఉన్నా చక్కు వంకరగా తిరుగుతుంది.

సరిపడే బ్యాక్ ప్లేటు దొరకనప్పుడు పోత ఇనుప దిమ్మను తెచ్చి మర కోయించడమే దారి. కాని దిమ్మ చక్కులో ఉండగా, ఆ చక్కు స్పిండిలుకే బిగించి ఉంటుంది. మర కుదిరిందో లేదో స్పిండిలుపై పరీక్షించే వీలు లేదు. అనుభవజ్ఞులు ముందుగా స్పిండిలు కొనకు నకలుగా ఒక ఉక్కు ముక్కను తిరగబట్టి, దానితోనే పరీక్షిస్తారు. మర పూర్తయిన తరువాత ప్లేటును సొంత స్పిండిలుకే ఎక్కించి, చక్కు ఆనే ముఖాన్ని అక్కడే చివరిసారి తిరగబడతారు. దానివల్ల ప్లేటులో మిగిలిన కొద్ది వంకర కూడా తొలగిపోతుంది. అంగుళాల లేతుపై మెట్రిక్ మర కోయవలసి వస్తే 127 పళ్ల గేరు కావాలి. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, అంటే 127లో అయిదో వంతు. 127ను ఏ చిన్న సంఖ్యా నిశ్శేషంగా భాగించదు కనుక, ఖచ్చితమైన ఫలితానికి ఆ గేరు తప్ప మార్గం లేదు.

చివరగా ఒక హెచ్చరిక. మరతో ఎక్కే చక్కు ముందుకు తిరిగేటప్పుడు కోత ఒత్తిడికి మరింత బిగుస్తుంది. వెనుకకు తిప్పినా, హఠాత్తుగా ఆపినా విప్పుకొని ఊడిపడగలదు. తరువాతి కాలపు లేతుల్లో క్యామ్ లాక్ పద్ధతి రావడానికి ఇదొక ముఖ్య కారణం. పాత లేతుపై చక్కును అంచుదాకా బిగించి, మొదట చేతితో తిప్పి చూసి, ఆ తరువాతే మోటారు స్విచ్చి వేయండి. బిగుసుకున్న మర "ఆగు" అని చెబుతున్నదని గ్రహించి, పానాను పక్కన పెట్టి పిచ్ గేజిని అందుకోండి.