రసాయనశాస్త్ర బోధనకూ నిదాన పరివర్జనం అవసరం

రోగికి ఔషధం ఇచ్చే ముందు రోగహేతువును తొలగించవలెనన్నది ఆయుర్వేద చికిత్సకు మొదటి మెట్టు. దీనినే నిదాన పరివర్జనం అంటారు. పుల్లని పెరుగును, అకాల భోజనాన్ని మానని ఆమ్లపిత్త రోగికి ఎన్ని చూర్ణాలు ఇచ్చినా ప్రయోజనం స్వల్పమే.

ఆధునిక రసాయన శాస్త్రజ్ఞులు కూడా ఈ మాటకే రావడం గమనింపదగిన విషయం. 1998లో అమెరికా శాస్త్రజ్ఞులు పాల్ అనస్తాస్, జాన్ వార్నర్ హరిత రసాయనశాస్త్రానికి 12 సూత్రాలను ప్రతిపాదించారు. వ్యర్థాన్ని పుట్టించి ఆపైన శుద్ధి చేయడం కంటే, అసలు పుట్టనీయకపోవడమే మేలన్నది వాటిలో మొదటిది. మన పిల్లలు చదివే రసాయనశాస్త్రంలో దీనికి ఆచరణ ఎక్కడున్నది?

ఇంటర్మీడియట్ ప్రయోగశాలలోని లవణ విశ్లేషణనే చూడండి. సీసపు లవణ ద్రావణానికి పొటాషియం క్రోమేట్ కలిపితే పసుపుపచ్చని అవక్షేపం ఏర్పడుతుంది. రంగును గుర్తించి వ్రాసిన విద్యార్థికి మార్కులు వస్తాయి. ఆ అవక్షేపంలో ఉన్నవి సీసం, క్రోమియం. రెండూ దేహానికి చేటు చేసేవే. పరీక్షనాళికను కడిగిన నీరు ఎటు పోయిందన్న ప్రశ్నకు మాత్రం మార్కులు లేవు. పదిహేడేళ్ల ప్రాయంలో తొట్టిలో పారబోయడానికి అలవాటుపడిన చేతులు, రేపు కర్మాగారంలో వేరొక రీతిగా పనిచేస్తాయని ఎట్లా ఆశించగలం?

దీని పర్యవసానం మనకు దూరాన లేదు. హైదరాబాదు సమీపాన పటాన్‌చెరులో అనేక ఔషధ కర్మాగారాల మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రం ఉంది. అక్కడ శుద్ధి అయి వెలువడిన నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనిపించింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదును మించిన మాట ఇది. అట్టి నీటిలో బ్రతికి బట్టకట్టిన సూక్ష్మజీవులు ఆ మందుకు ఇక లొంగవు. రోగం కుదిర్చే మందు తయారీయే రోగహేతువు కావడం కన్న విషాదమేమున్నది?

అయితే రసాయనమంతా విషమనీ, చెట్టు నుంచి వచ్చినదంతా అమృతమనీ తలచడం పొరపాటు. వత్సనాభి మొక్క దుంపే. శుద్ధి చేయక వాడితే ప్రాణం తీస్తుంది. పాదరసంతో, సీసంతో పనిచేసే మన రసశాలలకు కూడా ఈ నియమమే వర్తించాలి. తెలివిగా నడిపితే రసాయనశాస్త్రమే తన దోషాన్ని తాను సవరించుకోగలదు. నొప్పులకు వాడే ఐబుప్రొఫెన్‌ను పూర్వం 6 దశలలో తయారుచేసేవారు. ముడిపదార్థాల బరువులో 40 శాతం మాత్రమే మందుగా మారగలిగేది. 1992లో అమెరికాలో 3 దశల పద్ధతి అమలులోకి వచ్చి, అది 77 శాతానికి పెరిగింది. మందు అదే, గుణమూ అదే. మారినది తయారుచేసేవారి ఆలోచన.

ఆ ఆలోచన బడిలోనే మొలకెత్తాలి. గురుకులంలో మాకు కషాయం కాచడం నేర్పినపుడు, వడకట్టిన పిప్పిని ఏ చెట్టు పాదులో వేయాలో చెప్పేవరకు పాఠం ముగిసేది కాదు. నేటి తీరు వేరు. 2022లో పాఠ్యభారం తగ్గించే పేరిట ఎన్.సి.ఇ.ఆర్.టి. 11వ తరగతి నుంచి పర్యావరణ రసాయనశాస్త్ర అధ్యాయాన్నే తొలగించింది. హరిత రసాయనశాస్త్రం ఆ అధ్యాయం చివరన ఉండేది. చివరన అతికించినదాన్ని తీసివేయడం సులభం. ప్రతి ప్రయోగంలోనూ కలిసిపోయినదాన్ని తీసివేయలేరు.

కావున చేయవలసినవి ఇవి. ప్రతి ప్రయోగపు రికార్డులో "మిగిలినది ఏమైనది?" అన్న శీర్షిక ఉండాలి, దానికి మార్కులు ఉండాలి. మిల్లీలీటర్లు వాడేచోట చుక్కలతో పని జరపాలి. ఆమ్లక్షార పరీక్షలకు వీలైనచోట పసుపు, మందారపూల రసం చాలు. పసుపు సున్నంతో ఎర్రబడడం మన ఇల్లాళ్లకు తెలియనిది కాదు. సమీకరణాన్ని తుల్యం చేయడంతో ఆగక, ముడిపదార్థంలో ఎంత భాగం ఉపయోగపడిందో లెక్కకట్టడం కూడా నేర్పాలి. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం హరిత ప్రయోగాల పుస్తకాన్ని ఇదివరకే వెలువరించింది. కొత్తగా కనిపెట్టవలసినది స్వల్పమే.

ప్రవేశపరీక్షల ఒత్తిడిలో వీటికి తీరిక ఎక్కడిదని తల్లిదండ్రులు అడగవచ్చు. పరీక్షలో ఏది అడిగితే కళాశాలలు దానినే బోధిస్తాయి. ఆ పరీక్షలలో దీనిపై ఏటా రెండు ప్రశ్నలు వస్తే, మరునాటి నుంచే తరగతిలో పాఠం మొదలవుతుంది.

పాఠకులు చేయగలిగినది ఒకటున్నది. మీ బిడ్డ చదివే కళాశాలకు వెళ్లినపుడు ఫీజు గురించి, ర్యాంకుల గురించి అడిగిన తరువాత, ప్రయోగశాల మురుగు ఎక్కడికి పోతున్నదో కూడా అడగండి. పదిమంది అడిగితే సమాధానం వెతుక్కుంటారు. మనం పోషించి చదివించిన బిడ్డ చేతి మీదుగా ఊరి చెరువుకు విషం చేరకుండా చూసుకోవడం కూడా స్వస్థవృత్తంలో భాగమే.