ఒక్క సంఖ్యతో ఒక సాయంత్రం

38,16,54,729. ఈ సంఖ్యను రఫ్ పేపర్ మీద రాసుకోండి. 1 నుంచి 9 వరకు అంకెలన్నీ ఉన్నాయి, ఏదీ రెండోసారి రాలేదు. ఎడమ నుంచి మొదటి రెండంకెలు 38. రెండుతో పోతుంది. 381 మూడుతో, 3816 నాలుగుతో, 38165 ఐదుతో.. ఇలా తొమ్మిది దాకా ఎక్కడా శేషం మిగలదు. తొమ్మిది అంకెలనూ ఒక్కోసారే వాడితే ఇలా కుదిరే సంఖ్య ఇదొక్కటే. చివర సున్నా చేర్చండి, పదితోనూ పోతుంది.

'ఇది బిట్‌గా వస్తుందా సార్?' అంటారు మీరు. రాకపోవచ్చు. అయినా మెటీరియల్‌లో ఉన్న యాభై షార్ట్‌కట్లు బట్టీ పట్టడం కన్నా దీనితో ఒక సాయంత్రం కూర్చోవడమే మేలంటాను. షార్ట్‌కట్ చెప్పేస్తాం, 'ఎందుకలా?' అని అడిగితే నీళ్లు నములుతాం. నా మొదటి ఇంటర్వ్యూలో నేను చేసిందీ అదే. నాలుగుతో పోతుందో లేదో తెలియడానికి చివరి రెండంకెలు చూస్తే చాలని చెప్పాను. వంద నాలుగుతో పోతుంది కాబట్టి ఆ ముందున్నవి చూడక్కర్లేదన్న చిన్న ముక్క మాత్రం నోటికి రాలేదు.

ఇప్పుడు పై సంఖ్యను మర్చిపోయి, మీరే వెతకండి. తొమ్మిది అంకెలను 3,62,880 రకాలుగా పేర్చవచ్చు. అన్నీ చూడాలా? అక్కర్లేదు. ఐదో స్థానంలో 5 తప్ప ఇంకేదీ కుదరదు. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది స్థానాల్లో సరి అంకెలే ఉండాలి. అంటే మూడో అంకె బేసి. అలాంటప్పుడు నాలుగుతో పోవాలంటే నాలుగో అంకె 2 గానీ 6 గానీ కావాలి. ఎనిమిది నియమం వల్ల ఎనిమిదో అంకె సంగతీ అంతే. ఇక 4, 8 వెళ్లాల్సింది రెండు, ఆరు స్థానాలకే. మొదటి మూడంకెల మొత్తం, మొదటి ఆరంకెల మొత్తం రెండూ మూడుతో పోవాలి కదా, అంటే నడిమి మూడంకెల మొత్తం కూడా పోవాలి. కాబట్టి నడుమ 258 లేదా 654, అంతే.

మిగతా స్థానాలకూ ఇవే నియమాలు పెట్టండి. మూడు లక్షల పైచిలుకులో చివరికి మిగిలేవి పదే పది! ఇంతవరకు మీరు వాడినవన్నీ హైస్కూల్లో చదివినవే.

ఏడు దగ్గర మాత్రం భాగహారం చేయాల్సిందే. దానికీ ఓ చిట్కా ఉంది గానీ, నన్నడిగితే చేత్తో భాగించడమే తేలిక. తమాషా ఏంటంటే, ఆ పదిలో 987654321 కూడా ఉంటుంది. చూడ్డానికి అదే గెలిచేలా కనిపిస్తుంది. మిగతా పరీక్షలన్నీ దాటి, 9876543ని ఏడుతో భాగించేసరికి శేషం 5 తేలి ఆగిపోతుంది. 3816547ని భాగించండి. 545221, శేషం సున్నా.