వజ్రాల వేట కాదు, వేరుశనగ సాగు

తొలకరి వాన కురిసిందంటే చాలు, అనంతపురం జిల్లా వజ్రకరూరు పొలాల్లో జనం తలలు వంచుకుని వజ్రాల కోసం వెతుకుతారు. ఎవరికో ఒకరికి దొరుకుతుంది. ఆ కబురు ఊరూరా పాకుతుంది. వట్టి చేతులతో వెళ్లినవారి మాట ఎవరూ తలవరు. ఆ పక్కనే వేరుశనగ రైతు మాత్రం సాలు తప్పకుండా విత్తి, కలుపు తీసి, కాయ కాయా కూడబెట్టుకుంటాడు.

బాలలూ! కొత్తగా టెన్నిస్ నేర్చేవారు వజ్రాల వేటగాళ్లలా కాక, ఈ రైతులా ఆడాలని నా అభిప్రాయం.

టెన్నిస్ మనకు దూరపు ఆట కాదు. స్పెయిన్ ఆటగాడు రఫేల్ నాదల్ ఫౌండేషన్, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు కలిసి 2010లో అనంతపురంలోనే గ్రామీణ బాలబాలికల కోసం టెన్నిస్ బడి తెరిచాయి. అయితే నాదల్ దెబ్బలు చూసి, పిల్లలను "గట్టిగా కొట్టు!" అని ఎగదోసే పెద్దలున్నారు. ఆ సలహా సరికాదు.

ఎందుకంటారా? సైమన్ రామో అనే అమెరికా ఇంజనీరు ఆటల్లో పాయింట్లు లెక్కించి చూశాడు. ఆరితేరిన వారి ఆటలో నూటికి దాదాపు 80 పాయింట్లు మంచి దెబ్బలతో గెలిచినవే. సరదాగా ఆడేవారి ఆటలో నూటికి దాదాపు 80 పాయింట్లు తమ తప్పులతో పోగొట్టుకున్నవే! బంతి వలకు తగలడమో, గీత దాటడమో జరుగుతుంది. అంటే, ఎదుటివారి కంటే ఒక్కసారి ఎక్కువగా బంతిని అవతలికి పంపగలిగితే గెలుపు మీదే.

మరి తప్పులు తగ్గేదెలా? మీ లెక్కల పుస్తకమే చెబుతుంది. సింగిల్స్ కోర్టు పొడవు 78 అడుగులు, వెడల్పు 27 అడుగులు. పైథాగరస్ సూత్రం ప్రకారం మూల నుంచి మూలకు కర్ణం సుమారు 82.5 అడుగులు. ఐమూలగా కొడితే బంతి పడడానికి నాలుగున్నర అడుగుల చోటు అదనంగా దొరుకుతుందన్నమాట. పైగా వల స్తంభాల దగ్గర మూడున్నర అడుగులు, నడుమ మూడడుగులే. ఐమూల బంతి ఆ నడుమ మీదుగానే పోతుంది. వలకు మూడు నాలుగు అడుగుల ఎత్తున పంపితే మరీ క్షేమం. బంతి అవతలికి చేరేలోగా మీరు మీ చోటికి తిరిగి రావచ్చు.

అసలు గట్టిగా కొట్టనే కూడదా? కొట్టవచ్చు. బంతి వల దగ్గర పొట్టిగా, ఎత్తుగా లేచినప్పుడు తప్పక కొట్టండి. పండిన చేను కోయని రైతుంటాడా?

ఒక పని చేయండి. రెండు కొయ్యలకు తాడు కట్టి ఆడుతూ, ప్రతి పాయింటూ ఎలా పోయిందో నోటుపుస్తకంలో రాయండి: తాడుకు తగిలిందా, గీత దాటిందా, ఎదుటివారు గెలుచుకున్నారా? పదిరోజుల్లో మీ తప్పు మీకే కనబడుతుంది.

గట్టిగా కొట్టలేక ఓడిన బక్కపిల్లలు "ఈ ఆట మాకు రాదు" అని బ్యాటు పారేస్తారు. నా బాధ అదే. కండ తక్కువైనా, లెక్క తెలిసినవారికి ఈ ఆటలో చోటుంది.