గేరు మార్చేది ఎవరు? మనిషా, యంత్రమా?
చిన్నకారు కొనేవారి ముందు కొత్త చిక్కు

నర్సీపట్నం: చిన్నకార్లపై పన్ను తగ్గడంతో నిన్నటి దాకా మోటారు సైకిలుతో సరిపెట్టుకున్న కుటుంబాలు సైతం నేడు కారు వంక చూస్తున్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి, 1200 సి.సి. లోపు పెట్రోలు ఇంజను, 4 మీటర్ల లోపు పొడవు గల కార్లపై జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. పైనున్న 1 శాతం సెస్సు కూడా పోయింది. ఉపాధ్యాయులు, ఆరోగ్య కార్యకర్తలు, చిల్లర వర్తకులు, నాలుగు రాళ్లు వెనకేసుకున్న రైతులు షోరూముల గుమ్మం ఎక్కుతున్నారు. ఎక్కగానే వారికి ఎదురవుతున్న ప్రశ్న ఒకటే: గేర్ల కారా, ఆటోమేటిక్కా?

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెబితే నష్టపోయేది అయిదేళ్లు వాయిదాలు కట్టవలసిన కుటుంబమే. పన్ను వేయక ముందు 4 లక్షల రూపాయలుండే కారును ఉదాహరణగా తీసుకుంటే, పాత లెక్కన పన్ను, సెస్సు కలిపి 1,16,000 రూపాయలు. కొత్త లెక్కన 72,000. అంటే మిగిలింది 44,000 రూపాయలు. అదే కారు ఆటోమేటిక్‌లో కావాలంటే కంపెనీని బట్టి సుమారు 45 వేల నుంచి 60 వేల వరకు అదనంగా చెల్లించాలి. ప్రభుత్వం వదులుకున్న సొమ్ము కొనుగోలుదారు జేబుకు చేరకుండానే గేర్ బాక్సుకు సరిపోతున్నదన్న మాట. 50 వేలు అదనంగా అప్పు చేస్తే, 9 శాతం వడ్డీపై అయిదేళ్లకు నెలకు సుమారు 1,040 రూపాయల చొప్పున 62 వేల పైచిలుకు అవుతుంది.

పేరు ఆటోమేటిక్, లోపల పాత గేర్లే

చిన్నకార్లలో ఆటోమేటిక్ పేరిట ఎక్కువగా అమ్ముడవుతున్నది ఎ.ఎం.టి. అనే రకం. 2014 ఫిబ్రవరిలో మారుతి కంపెనీ సెలెరియో కారుతో దీనిని మన దేశంలో సామాన్యునికి అందుబాటులోకి తెచ్చింది. సరిగ్గా ఆ ఏడాది మే నెలలోనే అంబాసిడర్ కారు తయారీ ఆగిపోవడం గమనార్హం. తదుపరి ఆల్టో కె10, నానో, క్విడ్, టియాగో వంటి కార్లు కూడా ఇదే బాట పట్టాయి.

ఖరీదైన కార్లలో ఉండే ఆటోమేటిక్‌కు, దీనికి చాలా తేడా ఉంది. ఎ.ఎం.టి.లో గేర్ బాక్సు మామూలు కారుదే. క్లచ్ ప్లేటు కూడా మామూలుదే. డ్రైవరు ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పనిని మాత్రం ఒక చిన్న కంప్యూటరు ఆజ్ఞపై పనిచేసే మరలు చేస్తాయి. కాబట్టే ధర తక్కువ. కాబట్టే గేరు పడేటప్పుడు బండి కొద్దిగా తల ఊపినట్లు ఆగి కదులుతుంది. ముందున్న లారీని దాటబోయి ఎక్సిలేటరు తొక్కిన వారికి ఈ ఆలస్యం బాగా తెలుస్తుంది. అలవాటు పడే వరకు, ఎదుటి బండి బాగా దూరంలో ఉంటే తప్ప దాటే ప్రయత్నం చేయరాదని అనుభవజ్ఞులు హెచ్చరిస్తున్నారు.

మైలేజి లెక్క

ఆటోమేటిక్ పెట్రోలు తాగుతుందన్న పాత అభిప్రాయం ఎ.ఎం.టి. విషయంలో నిజం కాదు. ఆల్టో కె10 కారుకు కంపెనీ ప్రకటించిన మైలేజి గేర్లదానికి లీటరుకు 24.39 కిలోమీటర్లు, ఎ.ఎం.టి.కి 24.90 కిలోమీటర్లు. రోడ్డు మీద ఈ అంకెలు రెండూ తగ్గుతాయి.

అలాగని పెట్రోలు ఆదాతో పెట్టిన డబ్బు తిరిగి వస్తుందనుకోవడం కూడా పొరపాటే. కంపెనీ అంకెలనే నమ్మి, ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగితే మిగిలేది ఎనిమిదిన్నర లీటర్ల లోపే. లీటరు 110 రూపాయలు వేసుకున్నా అది ఏటా తొమ్మిది వందల పైచిలుకు. ఆ లెక్కన 50 వేలు రాబట్టాలంటే యాభై ఏళ్లు దాటుతుంది. కనుక ఈ సొమ్ము పెట్రోలు కోసం పెట్టేది కాదు, కాలి సుఖం కోసం పెట్టేదని తెలుసుకొని పెట్టాలి.

ఘాటు ఒక పక్క, గాజువాక ఒక పక్క

నర్సీపట్నం వారికి రెండు రకాల దారులున్నాయి. ఒకటి అనకాపల్లి మీదుగా గాజువాక, విశాఖపట్నం పోయేది. రెండవది డౌనూరు దాటి ఘాటు ఎక్కి లంబసింగి, చింతపల్లి పోయేది.

మొదటి దారిలో ఎ.ఎం.టి.దే పైచెయ్యి. గాజువాక రద్దీలో పది గజాలకొకసారి ఆగే బండిలో క్లచ్ తొక్కి తొక్కి మోకాలు పట్టేయడం రోజూ ఉద్యోగానికి పోయి వచ్చేవారందరికీ అనుభవమే. మోకాళ్ల నొప్పులున్న వారికి, ఎడమ కాలిలో బలం లేని వారికి ఇది వరమే అనడంలో సందేహం లేదు.

రెండవ దారిలో కథ మారుతుంది. ఎత్తులో, మలుపులో, ముందు బస్సు నెమ్మదించినప్పుడు ఏ గేరు కావాలో గేర్ల కారు డ్రైవరుకు ముందే తెలుస్తుంది. యంత్రానికి మలుపు కనిపించదు. ఎక్సిలేటరు మీద కాలు వదలగానే పై గేరుకు పోయి, మళ్లీ తొక్కగానే కింది గేరుకు దిగుతుంది. ఇందుకోసమే ఈ కార్లలో 'ఎం' అనే స్థానం పెట్టారు. అందులో ఉంచితే గేరు డ్రైవరు చేతిలోనే ఉంటుంది. ఘాటు దిగేటప్పుడు 'ఎం'లో పెట్టి రెండవ గేరులో దిగితే బ్రేకులపై భారం తగ్గుతుంది. శీతాకాలంలో మంచు చూడడానికి లంబసింగి పోయే కొత్త డ్రైవర్లలో ఈ సంగతి తెలియని వారే అధికం.

ఎత్తులో బండి ఆపి మళ్లీ కదిలించేటప్పుడు వెనక్కు జారే ప్రమాదం కూడా ఉంది. కొన్ని మోడళ్లలో రెండు మూడు సెకన్లు బండిని పట్టి ఉంచే ఏర్పాటు ఉంది. అది లేని బండిలో హ్యాండు బ్రేకును నమ్ముకోవలసిందే. బ్రేకు వేయకుండా ఎక్సిలేటరుతోనే బండిని ఎత్తులో నిలబెట్టే అలవాటు క్లచ్ ప్లేటును కాల్చివేస్తుంది. మరో ముఖ్య విషయం: పెద్ద ఆటోమేటిక్ కార్లలో ఉండే 'పి' స్థానం వీటిలో చాలావాటికి లేదు. కనుక పిల్లలు తిరిగే వాకిట్లో, వాలులో నిలిపేటప్పుడు గేరులో ఉంచి ఇంజను ఆపి, హ్యాండు బ్రేకు గట్టిగా లాగాలి.

షెడ్డుకు అందేది, అందనిది

గేర్ల కారు మొరాయిస్తే పట్టణంలోని ఏ షెడ్డులోనైనా మరమ్మతు అవుతుంది. ఎ.ఎం.టి.లో క్లచ్ ప్లేటు వరకు మెకానిక్కు చెయ్యి పెట్టగలడు గాని, గేరు మార్చే మరలో, దాన్ని నడిపే కంప్యూటరులో లోపం వస్తే కంపెనీ వర్కుషాపుకు పోక తప్పదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే నలుగురు తోసి స్టార్టు చేసే పాత ఉపాయం కూడా దీని దగ్గర పారదు. మన్యంలో పనిచేసే ఉద్యోగులు ఈ విషయం ఆలోచించవలసి ఉంది. వారంటీ ఎన్నేళ్లు, అందులో ఈ మర చేరి ఉన్నదా లేదా అన్నది కొనే ముందే కాగితంపై రాయించుకోవాలి.

ఇంట్లో నడిపేది ఎవరు?

అసలు ప్రశ్న ఇది. 1984లో కైనెటిక్ హోండా వచ్చినప్పుడు గేర్లు లేని స్కూటరు ఆడవాళ్ల బండి అని నవ్విన వారున్నారు. తరువాత ఏం జరిగిందో అందరూ చూశారు. ఆ రకం స్కూటర్ల మీదే పల్లెల్లో ఉపాధ్యాయినులు, నర్సులు, కాలేజీ విద్యార్థినులు ఒకరి మీద ఆధారపడకుండా పనులకు పోగలుగుతున్నారు. నవ్విన మగవారు కూడా అవే నడుపుతున్నారు.

కారు విషయంలోనూ అదే జరిగే సూచనలు కనిపిస్తున్నాయి. గేర్ల కారు కొన్న అనేక ఇళ్లల్లో నడిపేది యజమాని ఒక్కరే. ఆయన ఊళ్లో లేని రాత్రి పిల్లవాడికి జ్వరం వస్తే, వాకిట్లో కారుండగా ఆటో కోసం పరుగెత్తవలసి వస్తున్నది. భార్య, తండ్రి కూడా ధైర్యంగా నడపగలిగితే అదనంగా పెట్టిన 50 వేలు దండుగ కాదు. అది జరగని ఇంట్లో, వారానికొకసారి బయటికి తీసే బండికి ఆ ఖర్చు అనవసరం.

కాగా, డ్రైవింగునే బతుకు తెరువుగా ఎంచుకునే యువకుల సంగతి వేరు. మన చట్టంలో గేర్లున్నది, లేనిది అనే తేడా మోటారు సైకిలు లైసెన్సుకే గాని కారు లైసెన్సుకు లేదు. తేలికపాటి వాహనాల లైసెన్సుతోనే 7,500 కిలోల లోపు రవాణా వాహనాలు నడపవచ్చునని 2024 నవంబరులో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. అయితే సరకులు మోసే వ్యానులు దాదాపు అన్నీ గేర్లవే. ఆటోమేటిక్ మీద మాత్రమే నేర్చుకున్న కుర్రవాడికి లైసెన్సు తలుపు తెరిచినా చెయ్యి తిరగదు. అందువల్ల డ్రైవింగు స్కూళ్లు ముందు గేర్ల బండి మీదే నేర్పడం మంచిదని పలువురు అభిప్రాయపడుతున్నారు.

మొత్తం మీద రోజూ పట్నం రద్దీలో తిరిగేవారు, ఇంట్లో ఇద్దరు ముగ్గురు నడిపేవారు ఎ.ఎం.టి. కొనడం సబబు. ఘాటు దారిలో నిత్యం తిరిగేవారికి, వర్కుషాపు దూరమైన వారికి, వాయిదా భారమయ్యే వారికి గేర్ల కారే మేలు. షోరూముల వారు కూడా సాపు రోడ్డు మీద రెండు ఫర్లాంగులు తిప్పి పంపకుండా, ఒక ఎత్తులో ఆపి కదిలించి చూపించాలని, రెండు రకాల ధరల తేడాను విడిగా రాసి ఇవ్వాలని కొనుగోలుదారులు కోరుతున్నారు. నడిపి చూసేందుకు ఇంటి యజమాని ఒక్కరే గాక, రేపు ఆ బండి నడపవలసిన వారంతా వెళ్లడం అవసరం.