బీచ్‌కున్న కాపలా మ్యూజియానికి లేదు

రియో డి జనీరో వెళ్లొచ్చిన ఎవరి ఫోన్ తెరిచినా ఫొటోల వరుస దాదాపు ఒకటే. కొర్కొవాదో కొండమీద చేతులు చాచిన క్రీస్తు, షుగర్‌లోఫ్ కేబుల్ కారు, కొపకబానా ఒడ్డున నలుపు తెలుపు రాళ్లతో అలల్లా పరిచిన కాలిబాట. కాస్త ఓపిక ఉన్నవాళ్లయితే ఓడరేవు దగ్గర కలత్రావా రూపకల్పన చేసిన ‘రేపటి మ్యూజియం’. ఉత్తరం వైపున్న సావ్ క్రిస్తోవావ్ పేట ఆ వరుసలో కనిపించడం అరుదు. 2018 సెప్టెంబరు 2 రాత్రి కాలిపోయిన బ్రెజిల్ జాతీయ మ్యూజియం ఉన్నది అక్కడే. టూరిస్టులు పెరిగితే వారసత్వం దానంతటదే బాగుపడుతుందని మన టూరిజం శాఖలు చెబుతుంటాయి. ఆ మాటను ఒకసారి రియోలో నిలబెట్టి చూడాలి.

1818లో పోర్చుగల్ రాజు ఆరో జువావ్ స్థాపించిన మ్యూజియం అది. ఆ తర్వాత, ఒకప్పుడు చక్రవర్తులు కాపురమున్న రాజభవనంలోకి మారింది. దాదాపు 2 కోట్ల వస్తువులు అందులో ఉండేవి. అమెరికా ఖండాల్లో దొరికిన అతి పాత మానవ అవశేషాల్లో ఒకటైన ‘లూజియా’ పుర్రె, ఈజిప్టు మమ్మీలు, మాట్లాడేవాళ్లే మిగలని ఆదివాసీ భాషల రికార్డింగులు... అన్నీ ఒకే కప్పు కింద. ఆ భవనం నిర్వహణకు ఏడాదికి రావలసింది 5.2 లక్షల బ్రెజిల్ రియాల్స్. 2014 నుంచి ఆ కాస్తా పూర్తిగా రాలేదు. డైనోసార్ అస్థిపంజరాన్ని నిలబెట్టిన వేదికను చెదలు తినేస్తే, దాన్ని బాగుచేయించడానికి సిబ్బంది జనం దగ్గర చందాలు పోగుచేసుకున్నారు. 2018 జూన్‌లో ప్రభుత్వ అభివృద్ధి బ్యాంకు 2.17 కోట్ల రియాల్స్ ఇస్తానని సంతకం పెట్టింది. అగ్నిమాపక ఏర్పాట్లు కూడా అందులో ఉన్నాయి. డబ్బు చేతికి రాకముందే మంట వచ్చింది. ఆడిటోరియంలోని ఏసీలో మొదలైందని పోలీసులు తర్వాత తేల్చారు. ఫైరింజన్లు వచ్చేసరికి దగ్గర్లోని హైడ్రెంట్లలో సరిపడా నీళ్లు లేవు. ట్యాంకర్లు తెప్పించి, పార్కులోని చెరువు నీళ్లు తోడాల్సి వచ్చింది. 5 టన్నులకు పైగా బరువున్న బెండెగో ఉల్క మాత్రం చెక్కుచెదరలేదు. లూజియా పుర్రె ముక్కలను బూడిదలోంచి ఏరుకున్నారు.

నగరంలో డబ్బు లేదా అంటే, ఉంది. ఆ మ్యూజియానికి కూతవేటు దూరంలోని మరకనా స్టేడియం మీద 2014 ప్రపంచ కప్ కోసం 100 కోట్ల రియాల్స్ పైనే పోశారు. ఒలింపిక్స్‌కు ముందు, 2015 డిసెంబరులో తెరిచిన రేపటి మ్యూజియానికి 20 కోట్లు దాటింది. కొత్త కట్టడానికి రిబ్బను కత్తిరించడానికి అందరూ వస్తారు. పాత వైరింగ్ మార్చారని ఎవరికీ శాలువా కప్పరు. రియోను అని ఏం లాభం? 2016 ఏప్రిల్‌లో ఢిల్లీలోని మన ప్రకృతి చరిత్ర మ్యూజియం రాత్రికి రాత్రి బుగ్గి అయిపోయింది. దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు మనలో ఎందరు?

ఇప్పుడు బీచ్ సంగతి. బ్రెజిల్‌లో సముద్రతీరం ప్రజల ఉమ్మడి ఆస్తి అని, ఎవరైనా ఎప్పుడైనా వెళ్లవచ్చని 1988 చట్టం చెబుతోంది. ఎంత పెద్ద హోటల్ అయినా ఇసుక మీద కంచె వేయడానికి లేదు. అయితే కాగితం మీది చట్టానికి ప్రాణం పోసింది రోజూ అక్కడికి వచ్చే జనం. ఇపనేమాలో ఎండ చుర్రుమంటుంటే, రెండు భుజాలకూ రెండు రేకు డబ్బాలు తగిలించుకుని అరుచుకుంటూ తిరిగే మనిషి కనిపిస్తాడు. ఒకదాంట్లో చల్లటి ‘మాటే’ టీ, ఇంకోదాంట్లో నిమ్మరసం. రెండూ కలిపి ఇమ్మన్నా ఇస్తాడు. శుభ్రత పేరు చెప్పి నగర పాలకులు 2009లో ఈ డబ్బాల అమ్మకాన్ని ఆపబోయారు. ఊరంతా గొడవ చేసేసరికి వెనక్కి తగ్గారు. 2024లో తీరం వెంబడి కేంద్ర ప్రభుత్వ భూముల యాజమాన్యాన్ని మార్చే రాజ్యాంగ సవరణ సెనేట్‌లో చర్చకు వచ్చింది. తీరాన్ని ప్రైవేటుకు కట్టబెడతారా అంటూ దేశమంతా అల్లరి లేచింది. మన రుషికొండలోనూ జరిగింది ఇదే. 2023లో బీచ్‌కి 20 రూపాయల టికెట్ పెట్టబోతే, విశాఖ జనం ఒప్పుకోకపోవడంతో ఆ ఆలోచన మానుకున్నారు.

అలాగని రియో తీరం అచ్చంగా అందరిదీ అనుకుంటే పొరపాటే. 2015లో ఉత్తరం పేటల నుంచి బీచ్‌కి వస్తున్న బస్సులను పోలీసులు ఆపి, కుర్రాళ్లను దింపేశారు. చాలామంది చేతిలో ఏమీ దొరకలేదు. వాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు, పేదవాళ్లు. ఆదివారాలు జాతీయ మ్యూజియం చుట్టూ ఉన్న పార్కులో పిల్లాపాపలతో చాప పరుచుకునేదీ ఆ పేటల జనమే. మ్యూజియాన్ని వాళ్లు వాడుకోలేదని అనలేం. వాళ్ల గొంతు కొపకబానా గొంతంత దూరం వినిపించదు, అంతే. టూరిస్టుకైతే అసలు గొంతే ఉండదు. వారం తిరిగి విమానం ఎక్కేవాడు హైడ్రెంట్లో నీళ్లున్నాయా అని ఎందుకు అడుగుతాడు?

స్థానికుల గొంతు గట్టిపడితే ఏమవుతుందో చూడాలంటే రేపటి మ్యూజియం నుంచి కాస్త నడిస్తే చాలు, వలోంగో రేవు వస్తుంది. 1811లో కట్టిన ఈ రేవులో దాదాపు 9 లక్షల మంది ఆఫ్రికన్లను బానిసలుగా దింపారు. 1843లో చక్రవర్తి పెళ్లికూతురు దిగుతుందని దానిమీద సొగసైన రాళ్లు పరిచి, పేరు మార్చారు. తర్వాత అదీ మట్టిలో కలిసింది. ఓడరేవుకు మెరుగులు దిద్దే పనుల్లో 2011లో మళ్లీ బయటపడింది. గవ్వలు, పూసలు, తాయెత్తులు గంపలకొద్దీ దొరికాయి. ఆ తవ్వకాన్ని నడిపింది జాతీయ మ్యూజియం పురావస్తు శాస్త్రవేత్తే. రేవును మళ్లీ కప్పిపెట్టకుండా నల్లజాతి సంఘాలు పట్టుబట్టాయి. 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఫొటోకి పెద్దగా పనికొచ్చే చోటు మాత్రం కాదు. ఎగుడుదిగుడు రాళ్లు, ఒక గుంత, పక్కన ట్రాఫిక్.

ఇక కాలిపోయిన జాతీయ మ్యూజియంలో కొంత భాగం 2025లో మళ్లీ తెరుచుకుంది. అంతకు ముందే, 2024లో, డెన్మార్క్ నుంచి ఒక వస్త్రం బ్రెజిల్‌కు తిరిగొచ్చి ఆ మ్యూజియానికి చేరింది. ఎర్ర కొంగ ఈకలతో అల్లిన తుపినాంబా ఆదివాసీల ఉత్తరీయం అది. 300 ఏళ్లకు పైగా కోపెన్‌హాగన్‌లో ఉంది. 2000లో ప్రదర్శన కోసం సావ్ పౌలోకు తెచ్చినప్పుడు, అది మా పూర్వీకులదని ఆ తెగ పెద్దావిడ ఒకామె గుర్తుపట్టి అడగడంతో కథ మొదలైంది. తీరా వచ్చాక దాన్ని తమ ఆచారం ప్రకారం స్వాగతించనివ్వకుండా మ్యూజియంలో పెట్టేశారని తుపినాంబాలు మండిపడ్డారు. స్వాగత సభకు దేశాధ్యక్షుడు వచ్చిన రోజు వాళ్లూ బాహియా నుంచి తరలివచ్చారు. ఆయన ముందే తమ భూములకు హద్దులు ఎప్పుడు వేస్తారని నిలదీశారు.