కంప్యూటరు సవరణలు - పనిముట్ల పాట్లు

మాది రాజపాళయం దగ్గరి సేత్తూరు. నూలు మిల్లులకు జీతాల లెక్కలు కట్టే ప్రోగ్రాములు ఇంటివద్దనే వ్రాసి పొట్టపోసుకొనేవాడిని. కిందటి నెల ఒక శుక్రవారం రాత్రి కంప్యూటరు కొత్త సవరణ వేసుకొనవలెనా అని అడిగితే సరేనన్నాను. తెల్లవారి చూస్తే నా పనిముట్లలో ఒక్కటీ కదలలేదు. ఆనాడు మా మేనమామగారి మిల్లులో వారపు కూలీ ఇచ్చే రోజు. "ఏమిరా, పట్టీ ఇంకా రాలేదు, జనం గేటు దగ్గర నిలుచున్నారు" అని 11 గంటలకు ఆయన ఫోను.

వెదకగా వెదకగా తేలినది ఇంతే. నా ప్రోగ్రాము పాత పైథాను ఉన్న చోటును గుర్తుపెట్టుకొని ఉన్నది. సవరణ ఆ పాతదానిని తీసివేసి, కొత్తదానిని వేరొక పేరుతో పెట్టినది. ఇల్లు మారినవాని పాత చిరునామాకు ఉత్తరం వేసినట్లయినది. అమర్చుకొన్నదంతా చెరిపి, కావలసిన భాగాలను వెర్షను నంబర్లతో సహా మరల దింపుకొని పేర్చేసరికి సాయంత్రం 4 గంటలు. ఆ నంబర్లు ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచాను గనుక సరిపోయినది. (అదైనా మా ఆవిడ పోరు పడలేక చేసిన పని.) కూలీలు మాత్రం చీకటిపడ్డాక ఇళ్లు చేరారు.

సవరణలే వద్దని నా వాదన కాదు. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరాల కూడిక ఒకటి ఐఫోనులను స్తంభింపజేసినప్పుడు, ఆ జబ్బును కుదిర్చినది మరొక సవరణే గదా. కాని చెప్పి చేయడం వేరు, చెప్పక చేయడం వేరు. పైథాను రెండవ తరానికి 2020లో ఆదరణ ఆగునని దానివారు 2014లోనే చాటినారు. అయిదేండ్లకు పైబడిన గడువు! వెనుక మా వీధులలో మగ్గపు నాడె విరిగితే వడ్రంగి బాగుచేసి ఇచ్చేవాడు. రాత్రికి రాత్రి వచ్చి మగ్గమే మార్చిపోయేవాడెవడూ లేడు.

సవరణ వేయడానికి ముందే ఏ పనిముట్టు తొలగునో తెరమీద ఒక్క పంక్తిలో, మన భాషలో చెప్పవలెను. పాతదానిని కొన్ని నెలలైనా కొత్తదాని పక్కన ఉండనీయవలెను. ఇటువంటి కంపెనీలలో మన పిల్లలెందరో పెద్ద ఉద్యోగాలు చేస్తున్నారు. మీ పత్రిక చదివే తల్లిదండ్రులు ఈ ఆదివారం ఫోనులో మాట్లాడేటప్పుడు ఈ సంగతి వారి చెవిని వేయగలరని మనవి.

— ఒక పాఠకుడు, సేత్తూరు