తాళం వేసిన గేటు భద్రత కాదు

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల ముస్లింలు తమ బిడ్డల చదువు కోసం పడిన శ్రమ చిన్నది కాదు. మిరప కోతలకు వెళ్ళే తల్లి, తోపుడు బండి మీద పండ్లు అమ్ముకునే తండ్రి సైతం కూతురిని డిగ్రీ చదివించాలన్న పట్టుదలకు వచ్చారు. ఊరూరా చందాలు పోగుచేసి, స్థలాలు దానమిచ్చి మనవాళ్ళు కాలేజీలు, వసతి గృహాలు నిలబెట్టారు. ఇన్ని సీట్లు, ఇంత ఉత్తీర్ణత అని లెక్క చెప్పుకుంటున్నాం. అర్ధరాత్రి మంటలు లేస్తే ఆ పిల్లలు ఏ దారిన బయటపడతారన్న లెక్క మాత్రం వేసుకోవడం లేదు.

ఇటీవల మేము ఒక బాలికల వసతి గృహాన్ని చూశాం. మూడంతస్తుల భవనానికి ఒకే మెట్లదారి. కిటికీలన్నింటికీ ఇనుప చువ్వలు. రాత్రి తొమ్మిదికి గేటుకు తాళం పడుతుంది. తాళంచెవి కాపలాదారు జేబులో ఉంటుంది. మెట్ల కింద పాత పరుపులు, ఆ పక్కనే గ్యాస్ సిలిండర్లు. మంటలార్పే పరికరం గోడకు వేలాడుతోంది గాని దాన్ని వాడడం ఎవరికీ తెలియదు. కాపలాదారు లేని సమయంలో ఏమవుతుందని అడిగితే, “మా దగ్గర ఆడపిల్లలు భద్రంగా ఉంటారండీ” అన్నారు నిర్వాహకులు. వారి మాటలో కపటం లేదు. బయటివాడు లోపలికి రాకుండా చూడడమే భద్రత అని వారు నమ్మారు. లోపలివారు బయటికి రాగలగడం కూడా భద్రతేనన్న సంగతి వారికి తట్టలేదు.

తట్టకపోవడానికి చెల్లించిన మూల్యం ఎంతో చరిత్ర చెబుతోంది. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో పాఠశాల తగలబడి 94 మంది పసివాళ్ళు మరణించారు. వంటగది నిప్పు పూరి కప్పుకు అంటుకుంది; పిల్లలకు బయటపడే దారి చాలలేదు. 2019 మే 24న సూరత్‌లోని శిక్షణ కేంద్రంలో మంటలు చెలరేగి 22 మంది విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. మన సమాజం మరువరాని ఘటన మరొకటి ఉంది. 2001 ఆగస్టు 6న ఏర్వాడి దర్గా సమీపాన ఒక మానసిక రోగుల ఆశ్రమం కాలిపోయినప్పుడు, గొలుసులతో కట్టివేసిన 28 మంది కదలలేక మరణించారు. పారిపోకూడదని వేసిన గొలుసే వారి పాలిట మృత్యుపాశమైంది.

మన ప్రాంతానికి ఇటువంటి ప్రమాదాలు రావనుకోవడం భ్రమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమతో పాటు గుంటూరు జిల్లా తీరాన్నీ ముంచింది. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో భూమి కంపించింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపానే తీరం దాటింది. రెంటచింతల ఎండల సంగతి చెప్పనక్కరలేదు. ఆ ఎండల్లోనే పత్తి నిల్వలు, ఎండు మిరప టిక్కీలు ఊళ్ళ మధ్య ఉంటాయి. ఒక్క నిప్పురవ్వ చాలు.

చట్టం మౌనంగా లేదు. కుంభకోణం విషాదం దరిమిలా దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్ 13న తీర్పు చెబుతూ పాఠశాలల్లో అగ్నిమాపక పరికరాలు, సిబ్బందికి శిక్షణ, భవన భద్రత తప్పనిసరి చేసింది. కాలేజీలకు ఆ బాధ్యత తక్కువని ఎవరనగలరు? తనిఖీల పేరిట మైనారిటీ సంస్థలనే వేధిస్తారన్న భయం కొందరిది. వివక్ష జరిగిన చోట మేము తప్పక ప్రశ్నిస్తాం. అయితే రాజ్యాంగం 30వ అధికరణం మనకిచ్చింది నిర్వహణ హక్కు. నిర్వహించే హక్కులో దుర్నిర్వహణ హక్కు ఇమిడి లేదని సుప్రీంకోర్టు 1958లోనే, కేరళ విద్యా బిల్లుపై అభిప్రాయం చెబుతూ స్పష్టం చేసింది. లోపం లేని సంస్థే వేధింపును తలెత్తుకుని ఎదిరించగలదు.

చేయవలసినవాటిలో చాలా భాగం ఖర్చులేనివే. మెట్లదారి ఖాళీ చేయించాలి. సిలిండర్లు బయటికి మార్చాలి. గేటు తాళంచెవి రాత్రంతా లోపల ఉండే వార్డెన్ వద్ద కూడా ఉండాలి. కిటికీ చువ్వల్లో కొన్నింటినైనా లోపలి నుంచి తెరుచుకునేలా మార్చాలి. పిల్లలు చేరవలసిన ఖాళీ స్థలం ముందే నిర్ణయించి, అక్కడ హాజరు పిలవాలి. నడవలేని విద్యార్థికి తోడు ఎవరో ముందే అనుకోవాలి. 112, 101, 108 నంబర్లు ప్రతి అంతస్తులో రాసి ఉంచాలి. ఏడాదికి రెండుసార్లు, అందులో ఒకసారి రాత్రివేళ, అగ్నిమాపక సిబ్బందిని పిలిచి అభ్యాసం చేయించాలి. ఈ ఏర్పాట్లు చూసే కమిటీలో విద్యార్థినులకు చోటుండాలి. ఏ తలుపు బిగుసుకుపోతుందో వారికి తెలిసినంతగా కార్యదర్శికి తెలియదు. రెండో మెట్లదారికి డబ్బు కావాలి. కొత్త గది కట్టించే ముందు ఆ మెట్లు కట్టించండని దాతలను కోరుతున్నాం. ప్రభుత్వం కూడా తన మైనారిటీ వసతి గృహాలను ఇదే కొలతతో చూసుకోవాలి.

ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయమని ప్రవక్త (స) బోధించారు. కట్టకుండానే భారం వేయడం విశ్వాసం కాదు, నిర్లక్ష్యం. ఈ సంచిక చేతికందిన నిర్వాహకులు ఈ రాత్రే తమ వసతి గృహానికి వెళ్ళి, గేటు తాళం తెరవడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడాలని మా విన్నపం.